మంత్రనిరోధక జీవులు – విధ్వంసక మంత్రాలు

బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ, నోటిమాటతో కథ నడుపుకునే ఆటలను టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్స్ అంటారు. ఈ ఆటల్లో కొన్ని జీవుల మీద మంత్రాలు ఒక పట్టాన పారవు. ఆ గుణమే మంత్రనిరోధం. ఆటగాళ్లు దీన్ని మ్యాజిక్ రెసిస్టెన్స్ అనే పిలుస్తారు. నిప్పు, పిడుగు, మంచు, ఆమ్లం వంటి వాటితో ఎదుటి ప్రాణిని దెబ్బతీసేవి విధ్వంసక మంత్రాలు. ఈ రెండూ ఎదురుపడితే ఏం జరగాలో 1974 నుంచి నేటి వరకు ఒక్కో ఆట ఒక్కో లెక్కతో తేల్చింది.

ఆ లెక్కలన్నిటి వెనకా ఉన్న ప్రశ్న ఒక్కటే. జీవి అడ్డుకుంటున్నది మంత్రశక్తినా, ఆ మంత్రం పుట్టించిన నిప్పునా? మంత్రాన్నే అడ్డుకుంటే ఫైర్‌బాల్ దాన్ని తాకకముందే ఆరిపోవాలి. నిప్పును తట్టుకునే జీవి అయితే మంత్రం పారుతుంది కానీ ఒళ్లు కాలదు. ఈ తేడాను తేటగా పాటించిన ఆటల్లో నిరోధం ఆటగాళ్ల ఆలోచనకు పదును పెడుతుంది. పాటించని చోట మాంత్రికుడి వంతును వృథా చేసే అడ్డంకిగా మిగులుతుంది. ఈ వ్యాసం ప్రధానంగా డంజన్స్ అండ్ డ్రాగన్స్‌నూ, దానితోపాటు మరికొన్ని ముఖ్యమైన ఆటలనూ పరిశీలిస్తుంది.

## పుట్టుక

డంజన్స్ అండ్ డ్రాగన్స్ యుద్ధక్రీడల కడుపున పుట్టింది. గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ 1971లో తెచ్చిన చైన్‌మెయిల్ మధ్యయుగ సైన్యాలను చిన్న బొమ్మలతో నడిపే ఆట. దానికి చేర్చిన ఫాంటసీ అనుబంధంలో మాంత్రికులు ఫైర్‌బాల్, లైట్నింగ్ బోల్ట్ అనే రెండు అస్త్రాలు విసరగలరు. ఫైర్‌బాల్ పడిన చోట పెద్ద రాళ్లు విసిరే యంత్రం దెబ్బ ఎంత మేర తగులుతుందో అంత మేర, లైట్నింగ్ బోల్ట్‌కు ఫిరంగి దెబ్బ తగిలేంత మేర నష్టం లెక్కగట్టేవారు. విధ్వంసక మంత్రం ఈ ఆటల్లోకి వచ్చింది ఫిరంగిదళం పని చేయడానికే.

1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అమెరికాలోని లేక్ జెనీవా నుంచి, టీఎస్ఆర్ సంస్థ ప్రచురణగా వెలువడింది. సైన్యాల స్థానంలో ఒక్కో ఆటగాడికి ఒక్కో పాత్ర వచ్చింది. ఫైర్‌బాల్ మాత్రం ఫిరంగి బలాన్ని పోగొట్టుకోలేదు. మాంత్రికుడి స్థాయి ఎంతో అన్ని ఆరు ముఖాల పాచికలు వేసి నష్టం లెక్కించేవారు. కత్తివీరుడు శత్రువులను ఒక్కొక్కరిగా నరుక్కుంటూ పోవాలి, ఎదిగిన మాంత్రికుడు గదినిండా ఉన్నవాళ్లను ఒకే వంతులో కాల్చేయగలడు. కథ చివర నిలబడవలసిన మహాశత్రువు అలా తొలి వంతులోనే బూడిదైపోకుండా కాపాడింది మంత్రనిరోధమే.

ఆ తొలి ప్రచురణలోనే దీనికి ఉదాహరణ ఉంది. బాల్‌రాగ్ అనే అగ్నిభూతానికి 11వ స్థాయి మాంత్రికుడి మంత్రాల మీద 75 శాతం నిరోధం ఇచ్చారు. టోల్కీన్ రచనల నుంచి తీసుకున్న ఆ పేరును తర్వాతి ముద్రణల్లో తొలగించారు. 1976లో వచ్చిన ఎల్డ్రిచ్ విజార్డ్రీ అనుబంధం భూతాలను ఆరు రకాలుగా వర్గీకరించింది. బాల్‌రాగ్‌ను పోలిన ఆరో రకం భూతమే ఇప్పుడు బేలర్ పేరుతో ఆటగాళ్లందరికీ తెలుసు.

## శాతాల కాలం: 1977–1999

అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ మాన్‌స్టర్ మాన్యువల్ 1977లో వచ్చింది. అందులో ప్రతి జీవి వివరాల్లోనూ మంత్రనిరోధానికి ఒక వరుస కేటాయించారు. నిరోధం ఉన్న జీవికి అక్కడ ఒక శాతం కనిపిస్తుంది. ఆ అంకె 11వ స్థాయి మాంత్రికుణ్ని దృష్టిలో పెట్టుకుని వేసినది. మాంత్రికుడు అంతకంటే కిందివాడైతే స్థాయికి 5 శాతం చొప్పున నిరోధం పెరుగుతుంది, పైవాడైతే అంతే చొప్పున తగ్గుతుంది. 50 శాతం నిరోధం గల భూతం 5వ స్థాయి శిష్యుడి ఎదుట 80 శాతానికి చేరుతుంది, 16వ స్థాయి ఘనుడి ఎదుట 25 శాతానికి దిగుతుంది.

నిరోధం పనిచేస్తే మంత్రం పూర్తిగా విఫలమవుతుంది. పనిచేయకపోతే ఆ జీవి మామూలు ప్రాణిలాగే సేవింగ్ త్రో వేసుకుంటుంది. సేవింగ్ త్రో అంటే మంత్రం నుంచి తప్పించుకోవడానికి వేసే పాచిక. ఫైర్‌బాల్ విషయంలో అది నెగ్గితే నష్టం సగమవుతుంది. అంటే నిరోధం గల జీవికి రెండు అవకాశాలు. ముందు మంత్రమే చెల్లకుండా పోవచ్చు. చెల్లినా సగం దెబ్బతో బయటపడవచ్చు.

డ్రౌ అనే నేలమాళిగల ఎల్ఫ్‌లు ఈ కాలపు ముద్దుబిడ్డలు. వారి నిరోధం 50 శాతంతో మొదలై, స్థాయికి 2 శాతం చొప్పున పెరుగుతుంది. మరుగుజ్జు జాతి డ్వార్ఫ్‌లకు శాతం లేదు. దేహదారుఢ్యాన్ని బట్టి సేవింగ్ త్రోలో అదనపు బలం దక్కేది. మామూలు ఎల్ఫ్‌లకు నిద్ర, వశీకరణ మంత్రాల మీదే 90 శాతం నిరోధం ఉండేది, ఫైర్‌బాల్ మాత్రం వారిని అందరిలాగే కాల్చేది. మంత్రం మొత్తాన్ని తోసిపుచ్చడం, తప్పించుకునే బలం పెరగడం, కొన్ని మంత్రాలకే లొంగకపోవడం అనే మూడు పద్ధతులూ తొలి దశాబ్దానికే స్థిరపడ్డాయి. తర్వాతి ఆటలు వీటినే కలిపి, విడదీసి వాడుకున్నాయి.

1989లో వచ్చిన రెండో ఎడిషన్ స్థాయితో మారే లెక్కను తీసేసి, శాతాన్ని స్థిరం చేసింది. ఎంత గొప్ప మాంత్రికుడైనా 50 శాతం నిరోధం 50 శాతంగానే ఉండేది. నియమం తేలికైంది కానీ, ఏళ్ల తరబడి ఆడి పాత్రను పెంచుకున్న ఆటగాడికి ఆ శ్రమ ఫలితం ఇక్కడ కనిపించకుండా పోయింది. అయితే ఒక పాత సందేహాన్ని ఈ ఎడిషన్ చక్కగా తీర్చింది. నలుగురి మధ్య ఫైర్‌బాల్ పేలినప్పుడు వారిలో ఒక్క జీవికి నిరోధం పనిచేస్తే ఏమవుతుంది? ఆ జీవి ఒక్కటే బయటపడుతుంది, మిగతా ముగ్గురికీ మంత్రం యథాప్రకారం తగులుతుంది. నిరోధం ఒంటికి సంబంధించిన గుణమే గాని, ఆ చోటంతటికీ రక్షణ కాదన్నమాట.

## స్పెల్ రెసిస్టెన్స్: 2000–2008

విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ 2000లో విడుదల చేసిన మూడో ఎడిషన్‌కు జోనథన్ ట్వీట్, మాంటే కుక్, స్కిప్ విలియమ్స్ ప్రధాన రూపకర్తలు. వీరు శాతాలను పక్కనపెట్టి, నిరోధాన్ని స్పెల్ రెసిస్టెన్స్ అనే ఒకే అంకెగా మార్చారు. మాంత్రికుడు ఇరవై ముఖాల పాచిక వేసి, దానికి తన స్థాయిని కలపాలి. మొత్తం ఆ అంకెను చేరితేనే మంత్రం పారుతుంది. స్పెల్ పెనెట్రేషన్ అనే నైపుణ్యం నేర్చుకుంటే మొత్తానికి 2 కలుస్తుంది, దాని పై మెట్టు కూడా నేర్చుకుంటే మరో 2.

పాచిక జీవి చేతి నుంచి మాంత్రికుడి చేతికి మారడం చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, ఆటలో దాని ప్రభావం పెద్దది. మంత్రం పారిందో లేదో తన చేత్తో తేల్చుకోవడం, ఆ పనిలో మెరుగుపడటానికి దారి ఉండటం ఆటగాడికి దక్కిన గౌరవం.

ఈ ఎడిషన్ ఇంకో కీలకమైన పని చేసింది. ప్రతి మంత్రం వివరాల్లోనూ దానికి స్పెల్ రెసిస్టెన్స్ వర్తిస్తుందా లేదా అని ఒక వరుస చేర్చింది. ఫైర్‌బాల్‌కు వర్తిస్తుంది, ఎందుకంటే అది మంత్రశక్తి నేరుగా జ్వాలగా చెలరేగడం. ఆసిడ్ యారోకు వర్తించదు. అక్కడ మంత్రం చేసేది ఆమ్లాన్ని సృష్టించడం వరకే, తగిలేది నిజమైన ఆమ్లం. మంత్రంతో లేపిన రాతిగోడను ఏ భూతమూ తన నిరోధంతో కరిగించలేదు. ఈ సూత్రాన్ని 2004 నాటి కంప్లీట్ ఆర్కేన్ పుస్తకం చివరంటా లాగింది. ఆమ్లం, నిప్పు, మంచు వంటి వాటిని గోళాలుగా సృష్టించి విసిరే మంత్రాలకు అది నిరోధం వర్తించదని ప్రకటించింది. ఆ గోళాలు అందుబాటులో ఉన్న మాంత్రికుడికి స్పెల్ రెసిస్టెన్స్ దాదాపు లెక్కలోకి రాలేదు. ఇది సూత్రాన్ని నిలబెట్టి, దాని ఉద్దేశాన్ని మరిచిన నిర్ణయం.

2008 నాటి నాలుగో ఎడిషన్ మొత్తం మంత్రాలకు వర్తించే నిరోధాన్ని దాదాపుగా వదిలేసింది. మంత్రం కూడా కత్తిదెబ్బలాగే ఎదుటి జీవి రక్షణ అంకె మీద దాడిగా మారింది. నిప్పును ఇంత, మంచును ఇంత అని ఆయా నష్టాల నుంచి కొంత తగ్గించుకునే గుణాలే మిగిలాయి.

## అయిదో ఎడిషన్: అడ్వాంటేజ్

2014లో వచ్చిన అయిదో ఎడిషన్ మ్యాజిక్ రెసిస్టెన్స్‌ను పాత పేరుతో, కొత్త రూపంలో తిరిగి తెచ్చింది. నిరోధం గల జీవి మంత్రాల మీద సేవింగ్ త్రో వేసేటప్పుడు రెండు పాచికలు వేసి, పెద్ద అంకెను తీసుకుంటుంది. ఈ సదుపాయాన్నే అడ్వాంటేజ్ అంటారు. మంత్రం పూర్తిగా చెల్లకుండా పోయే దశ ఇక లేదు.

దీనివల్ల రెండు ఫలితాలు వచ్చాయి. సేవింగ్ త్రో అడగని మంత్రాల ముందు మ్యాజిక్ రెసిస్టెన్స్ ఉన్నా లేనట్టే. గురి చూసి కొట్టే ఎల్డ్రిచ్ బ్లాస్ట్, ఎన్నడూ గురి తప్పని మ్యాజిక్ మిస్సైల్ అలాంటివి. ఇక సేవింగ్ త్రో నెగ్గినా సగం దెబ్బ తగిలే మంత్రాల ముందు దాని బలం తక్కువ, నెగ్గితే ఏమీ తగలని మంత్రాల ముందు చాలా ఎక్కువ.

ఈ ఎడిషన్‌లో మూడు గుణాలను విడివిడిగా గుర్తుంచుకోవాలి. మ్యాజిక్ రెసిస్టెన్స్ తప్పించుకునే అవకాశాన్ని పెంచుతుంది. డ్యామేజ్ రెసిస్టెన్స్ నిప్పు, మంచు వంటి ఒక్కో రకం నష్టాన్ని సగం చేస్తుంది. లెజెండరీ రెసిస్టెన్స్ మహాశత్రువులకు రోజులో కొన్నిసార్లు ఓడిన సేవింగ్ త్రోను నెగ్గినట్టు మార్చుకునే హక్కు ఇస్తుంది. కొత్తగా ఆట నడిపేవారు ఎక్కువగా తడబడేది ఈ మూడింటినీ కలిపేయడం వల్లనే.

## ఒకే భూతం, మూడు లెక్కలు

రాబందు తల, రెక్కలు గల వ్రాక్ అనే భూతం ఈ ఎడిషన్లన్నిటిలోనూ ఉంది. దాని మీద ఫైర్‌బాల్ వేసి చూస్తే తేడా తెలుస్తుంది.

1977 నాటి పుస్తకంలో అది మొదటి రకం భూతం, నిరోధం 50 శాతం. 10వ స్థాయి మాంత్రికుడికి అది 55 శాతమవుతుంది. నూటికి 55 సార్లు మంత్రం గాలిలో కలిసిపోతుంది. పారితే 10 పాచికల నష్టం, సగటున 35. మంత్రాగ్ని ఈ భూతాలను సగమే కాలుస్తుంది కాబట్టి తగిలేది 17. సేవింగ్ త్రో నెగ్గితే అందులోనూ సగం.

2003లో సవరించిన మూడో ఎడిషన్‌లో వ్రాక్ స్పెల్ రెసిస్టెన్స్ 17. 10వ స్థాయి మాంత్రికుడి పాచికలో 7 గాని అంతకంటే ఎక్కువ గాని పడాలి. అది 70 శాతం అవకాశం. 16వ స్థాయికి చేరితే ఎంత పడినా చాలు, మంత్రం పారినట్టే. పారాక సేవింగ్ త్రో, ఆ తర్వాత వచ్చిన నష్టంలోంచి నిప్పు నిరోధం కింద 10 తీసివేత. సగటు 35 నష్టంలో తప్పించుకోలేకపోతే 25 తగులుతుంది, సేవింగ్ త్రో నెగ్గితే 7.

2014 నాటి అయిదో ఎడిషన్‌లో ఫైర్‌బాల్ నష్టం 8 పాచికలు, సగటు 28. మాంత్రికుడి మంత్రాలను తప్పించుకోవడానికి 16 కావాలనుకుందాం. చురుకుదనం మీద వేసే ఈ సేవింగ్ త్రోలో వ్రాక్‌కు 5 కలుస్తుంది. పాచికలో 11 పడితే చాలు, అంటే సగానికి సగం అవకాశం. అడ్వాంటేజ్‌తో అది 75 శాతానికి పెరుగుతుంది. నిప్పు నష్టం వ్రాక్‌కు ఎలాగూ సగమే కాబట్టి ఓడితే 14, నెగ్గితే 7. మొత్తం మీద సగటు నష్టం 8.75. మ్యాజిక్ రెసిస్టెన్స్ లేకుంటే ఇది 10.5 ఉండేది. అంటే నిరోధం తగ్గించింది ఆరో వంతే. నష్టాన్ని సగం చేసిన గుణం నిప్పును తట్టుకునే శక్తి.

అదే జీవి మీద డిసింటిగ్రేట్ అనే మంత్రం వేస్తే కథ మారుతుంది. దాని సగటు నష్టం 75, సేవింగ్ త్రో నెగ్గితే సున్నా. మామూలుగా సగటున 37.5 తగలవలసింది, అడ్వాంటేజ్ వల్ల 18.75కు పడిపోతుంది. ఇక్కడ నిరోధం సరిగ్గా సగం కోసేసింది.

ఇంకో మాట. మంత్రాలను బలాన్ని బట్టి శ్రేణులుగా లెక్కిస్తారు. మొదటి శ్రేణి మంత్రమైన మ్యాజిక్ మిస్సైల్ మూడు బాణాలతో సగటున 10.5 నష్టం చేస్తుంది. దానికి సేవింగ్ త్రో లేదు, ఆ రకం నష్టాన్ని వ్రాక్ తట్టుకోలేదు. మూడో శ్రేణికి చెందిన ఫైర్‌బాల్ కన్నా అది ఆ ఒక్క భూతాన్ని ఎక్కువగా గాయపరుస్తుంది. గుంపు మీద ఫైర్‌బాల్‌కు సాటి లేకపోవచ్చు. నిరోధం గల ఒంటరి జీవి మీద మాత్రం చిన్న మంత్రమే మేలని ఎరిగినవాడే అనుభవజ్ఞుడైన మాంత్రికుడు.

## గోలెమ్‌లు

యూదుల గాథల్లోని మట్టిమనిషి పేరు పెట్టుకున్న గోలెమ్‌లు నిరోధానికి పరాకాష్ఠ. మూడో ఎడిషన్‌లో స్పెల్ రెసిస్టెన్స్ వర్తించే ఏ మంత్రమూ వీటి మీద పనిచేయదు. అయితే ప్రతి గోలెమ్‌కూ దాని పదార్థాన్ని బట్టి కొన్ని మినహాయింపులు ఉన్నాయి.

ఇనుప గోలెమ్‌ను పిడుగు మంత్రం గాయపరచదు గాని మందగింపజేస్తుంది. నిప్పు మంత్రం దానికి చికిత్స. తగలవలసిన ప్రతి 3 నష్టానికీ 1 చొప్పున దెబ్బలు మానుతాయి. సగటు ఫైర్‌బాల్ వేసిన మాంత్రికుడు శత్రువుకు 11 ప్రాణాంకాలు తిరిగి ఇచ్చినట్టే. శవభాగాలు కుట్టి చేసిన మాంస గోలెమ్‌కు లెక్క తిరగబడుతుంది. నిప్పు, మంచు దాన్ని మందగింపజేస్తాయి, పిడుగు బలాన్నిస్తుంది. ఫ్రాంకెన్‌స్టైన్ సినిమాల్లో మెరుపుతో లేచి కూర్చున్న ఆకారాన్ని ఎరిగినవారికి ఈ నియమం వెంటనే అర్థమవుతుంది. రాతి గోలెమ్‌ను రాయిని బురదగా మార్చే మంత్రం మందగింపజేస్తే, బురదను రాయిగా మార్చే మంత్రం బాగుచేస్తుంది.

అయిదో ఎడిషన్ ఇనుప గోలెమ్‌కు నిప్పు అసలు తగలదు. చేయవలసినంత నష్టమూ ప్రాణాంకాలుగా చేరుతుంది. సగటు ఫైర్‌బాల్ 28 తిరిగి ఇస్తుంది. పిడుగుతో మందగించే బలహీనత మాత్రం పోయింది. కవచధారి హెల్మ్‌డ్ హారర్‌ది మరో తరహా. దాన్ని తయారుచేసినవారు ఎంచుకున్న మూడు మంత్రాలు దానికి అసలు తగలవు. ఫైర్‌బాల్, లైట్నింగ్ బోల్ట్ సాధారణంగా ఆ జాబితాలో ఉంటాయి. ఈ జీవిని తయారుచేసినవాడు కూడా మాంత్రికుడే, సాటి మాంత్రికులు ముందుగా ఏ మంత్రం వాడతారో అతనికి తెలుసన్న తర్కం ఇందులో ఉంది.

## రాక్షస

భారతీయ మూలాలు గల జీవుల్లో ఈ ఆటలో ఎక్కువ పేరు పొందినది రాక్షస. 1977 మాన్‌స్టర్ మాన్యువల్‌లో పులితలతో, రాజసం ఉట్టిపడే దుస్తులతో కనిపిస్తుంది. ఎనిమిదో శ్రేణికి లోబడిన మంత్రాలేవీ దాని మీద పనిచేయవు. కానీ పూజారి ఆశీర్వదించిన క్రాస్‌బౌ బాణం తగిలితే చస్తుంది. ఈ బాణం మన ఇతిహాసాల నుంచి వచ్చింది కాదు. కోల్‌చాక్ అనే అమెరికన్ టీవీ ధారావాహికలో రాక్షసుడిని అలాగే చంపుతారు.

మూడో ఎడిషన్‌లో రాక్షస స్పెల్ రెసిస్టెన్స్ 27. 10వ స్థాయి మాంత్రికుడికి అయిదింట ఒక్కసారే మంత్రం పారుతుంది. 2014 నాటి అయిదో ఎడిషన్‌లో అది తానుగా ఒప్పుకుంటే తప్ప ఆరో శ్రేణి వరకు ఏ మంత్రమూ దానికి తగలదు, పై శ్రేణుల మీద అడ్వాంటేజ్ కూడా ఉంది. ఫైర్‌బాల్‌ను ఏడో శ్రేణి శక్తితో వేస్తే అది ఏడో శ్రేణి మంత్రంగానే లెక్క కాబట్టి తగులుతుంది, సగటు 42 నష్టంతో. అదే మంత్రాన్ని ఆరో శ్రేణిలో వేస్తే సున్నా. 2024లో సవరించిన నియమాలను అనుసరించే మాన్‌స్టర్ మాన్యువల్ శ్రేణుల లెక్క తీసేసి, మంత్రాల మీద ప్రతి సేవింగ్ త్రోనూ రాక్షస నెగ్గినట్టే, గురి చూసి వేసిన ప్రతి మంత్రమూ తప్పినట్టే అని రాసింది. దాంతో సగం దెబ్బ తగిలే విధ్వంసక మంత్రాలకు మళ్లీ దారి దొరికింది. మూడో శ్రేణి ఫైర్‌బాల్ కూడా ఇప్పుడు సగటున 14 నష్టం చేస్తుంది.

రామాయణ భారతాల్లో రాక్షసుల ప్రత్యేకత మాయను తట్టుకోవడం కాదు, మాయను ప్రయోగించడం. మారీచుడు, ఇంద్రజిత్తు, ఘటోత్కచుడు అందుకే గుర్తుండిపోయారు. అక్కడ ఆగ్నేయాస్త్రానికి జవాబు వారుణాస్త్రం, అస్త్రాన్ని అస్త్రమే శాంతింపజేస్తుంది. నిరోధానికి దగ్గరగా వచ్చేవి వరాలు. రావణుడు దేవదానవుల చేత చావు లేకుండా కోరుకుని, మనుషులను లెక్కలోకి తీసుకోలేదు. అభేద్యమైన రక్షణ, అందులో ఎవరూ పట్టించుకోని ఒక సందు. ఆటలోని రాక్షసకూ, గోలెమ్‌లకూ ఉన్న నియమాలు ఈ పద్ధతిలోనే నడుస్తాయి కాబట్టి తెలుగు పాఠకుడికి అవి కొత్తగా తోచవు.

## తిప్పికొట్టేవి, ఆర్పేసేవి

టరాస్క్ అనే మహామృగం పెంకు మంత్రాలను ఎదిరించడంతో ఆగదు. మూడో ఎడిషన్‌లో కిరణాలుగా, గీతలుగా, శంకువు ఆకారంలో వచ్చే మంత్రాలన్నిటినీ, చివరకు మ్యాజిక్ మిస్సైల్‌ను కూడా అది వ్యర్థం చేస్తుంది. వాటిలో 30 శాతం వేసినవాడి మీదికే తిరిగి వస్తాయి. అయిదో ఎడిషన్‌లో ఆరు ముఖాల పాచిక వేసి 6 పడితే తిప్పికొడుతుంది. గోళాకారంగా పేలే ఫైర్‌బాల్ ఈ పెంకు నియమం కిందికి రాదు, దాన్ని టరాస్క్ వేరే గుణాలతో ఎదుర్కోవాలి.

మండే దీపంలా గాలిలో తేలే విల్-ఓ-విస్ప్‌ది వేరే దారి. తొలి అడ్వాన్స్‌డ్ నియమాల్లో ప్రొటెక్షన్ ఫ్రమ్ ఈవిల్, మ్యాజిక్ మిస్సైల్, మేజ్ అనే మూడు మంత్రాలే దానికి తగులుతాయి. 1975 నాటి గ్రేహాక్ అనుబంధంలో పుట్టిన, పలు కళ్లు గల బిహోల్డర్ నడిమి కన్ను చూపు పడినంత మేర మంత్రమే పనిచేయదు. ఇది నిరోధం కాదు, మంత్రశూన్యత. దాని దెబ్బ అటూ ఇటూ తగులుతుంది. ఆ చూపులోకి బిహోల్డర్ తన చిన్న కళ్ల కిరణాలను కూడా పంపలేదు.

## ఇతర ఆటలు

1978లో కేయాసియం ప్రచురించిన రూన్‌క్వెస్ట్‌లో ప్రతి ప్రాణికీ ఆత్మబలం ఉంటుంది, అదే దాని నిరోధం. వేసేవారి బలం, ఎదుటివారి బలం సమానమైతే 50 శాతం అవకాశం. ఒక్కో అంకె తేడాకు 5 శాతం అటో ఇటో జరుగుతుంది. డిస్రప్షన్ అనే చిన్న విధ్వంసక మంత్రం 1 నుంచి 3 వరకే గాయపరుస్తుంది, అది కూడా ఈ పరీక్ష దాటాకే.

1987లో జోనథన్ ట్వీట్, మార్క్ రైన్-హేగన్ రూపొందించిన ఆర్స్ మాజికా ఈ విషయాన్ని అందరికంటే లోతుగా ఆలోచించిన ఆట. దాని అయిదో ఎడిషన్‌లో మాయాజీవికి ఎంత మహిమ ఉందో అంత నిరోధం. మాంత్రికుడు మంత్రం వేసినప్పుడు వచ్చిన మొత్తంలోంచి ఆ మంత్రం స్థాయిని తీసేస్తే మిగిలేది చొచ్చుకుపోయే శక్తి. మొత్తం 35 వచ్చిందనుకుందాం. 20 స్థాయి అగ్నిబల్లెం వేస్తే 15 మిగులుతుంది, మహిమ 10 గల జీవిని దాటుతుంది. 30 స్థాయి మహాజ్వాల వేస్తే 5 మిగులుతుంది, ఆ జీవి ముందే ఆరిపోతుంది. మంత్రం భీకరమైన కొద్దీ చొచ్చుకుపోవడం కష్టమవుతుంది. మంత్రంతో లేపి విసిరి వదిలేసిన మామూలు బండరాయికి మాత్రం నిరోధం లేదు, గురి కుదిరితే తగులుతుంది.

స్టీవ్ జాక్సన్ గర్ప్స్ ఆటలో మంత్రనిరోధం వేసేవారి నైపుణ్యాన్ని తగ్గిస్తుంది. అగ్నిగోళంలా చేతిలో తయారుచేసి విసిరే మంత్రాల మీద అది పనిచేయదు. రోల్‌మాస్టర్‌లో నిప్పు, మంచు బాణాలు ఆయుధాల్లాగే దాడి పట్టికల మీద తేలతాయి, ఎదుటివారి కవచాన్ని బట్టి నష్టం మారుతుంది. వార్‌హామర్ నాలుగో ఎడిషన్‌లో డ్వార్ఫ్‌ల మంత్రనిరోధం తమను తాకే మంత్రం సాధించిన విజయస్థాయిని మెట్టుకు 2 చొప్పున తగ్గిస్తుంది. 2019 నాటి పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో నిరోధం సేవింగ్ త్రోలో కొద్దిపాటి అదనంగానే ఉంటుంది. అక్కడ ఫలితాలు నాలుగు రకాలు కాబట్టి ఆ కొద్దిపాటి అదనమే రెట్టింపు నష్టాన్ని మామూలు నష్టంగా, మామూలు నష్టాన్ని సగంగా మార్చగలదు.

## నిరోధానికి చెల్లించే మూల్యం

మంచి ఆటల్లో నిరోధం ఉచితంగా రాదు. మూడో ఎడిషన్‌లో స్పెల్ రెసిస్టెన్స్ శత్రువుల మంత్రాలనూ మిత్రుల చికిత్సనూ ఒకేలా చూస్తుంది. నిరోధం గల సన్యాసి పాత్ర గాయపడి వైద్యమంత్రం అందుకోవాలంటే తన వంతులో కొంత ఖర్చుపెట్టి నిరోధాన్ని దించుకోవాలి. స్పృహతప్పి పడి ఉంటే ఆ అవకాశమూ లేదు. అడ్వాన్స్‌డ్ రెండో ఎడిషన్ డ్వార్ఫ్‌ల చేతిలో మంత్రవస్తువులు నూటికి 20 సార్లు పనిచేయవు. గర్ప్స్‌లో మామూలు మంత్రనిరోధం కొనుక్కున్నవారు సహజ మాంత్రికశక్తిని వదులుకోవాలి.

అయిదో ఎడిషన్‌లో ఈ మూల్యం దాదాపు మాయమైంది. వైద్యమంత్రాలు సేవింగ్ త్రో అడగవు కాబట్టి మ్యాజిక్ రెసిస్టెన్స్ వాటికి అడ్డు రాదు. 2016లో యువాన్-టీ జాతి పాత్రలకు ఈ గుణాన్ని ఇచ్చినప్పుడు, మిగతా జాతుల కంటే అవి మరీ బలంగా ఉన్నాయని ఆటగాళ్లు అభ్యంతరపడ్డారు. ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది.

## ఆట నడిపేవారికి

నిరోధం గల జీవిని బల్ల మీదికి తెచ్చే డంజన్ మాస్టర్ ముందుగా మూడు విషయాలు తేల్చుకోవాలి. ఈ నిరోధం మంత్రం మొత్తాన్ని ఆపుతుందా, సేవింగ్ త్రోకు బలమిస్తుందా, ఒక రకం నష్టాన్ని తగ్గిస్తుందా? మంత్రం వల్ల కలిగే పరోక్ష ఫలితాలు దాన్ని తాకుతాయా? ఫైర్‌బాల్ జీవిని కాల్చకపోయినా అది నిలబడ్డ చెక్కవంతెనను కాల్చవచ్చు, కూలిన పైకప్పుకు మంత్రనిరోధంతో పని లేదు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఆటగాళ్లకు ఈ సంగతి తెలిసే దారి ఉందా? గోలెమ్ ఒంటి మీద పాత పిడుగు మచ్చలు, రాక్షస గురించి ఊరి పెద్ద చెప్పిన కథ, తొలి మంత్రం తగిలి జారిపోయిన తీరును చెప్పే వర్ణన వంటివి ఆటగాడికి చేయూతనిస్తాయి. ఏ ఆధారమూ లేకుండా వరసగా మంత్రాలు వ్యర్థమైతే ఆ సాయంత్రం మాంత్రికుడి పాత్ర ధరించిన ఆటగాడు ఆటకు దూరమైనట్టే.

మాంత్రికుడికీ చేయడానికి చాలా ఉంది. శత్రువు మీద పారని మంత్రాన్ని మిత్రుడి మీద వేయవచ్చు. కత్తివీరుడి వేగాన్ని రెట్టించే హేస్ట్‌ను ఏ భూతం నిరోధమూ ఆపలేదు. గోడ లేపి శత్రువుల గుంపును విడదీయవచ్చు, నేలను జారుడుగా మార్చవచ్చు, గొయ్యి తవ్వవచ్చు.

యాభై ఏళ్ల ఈ నియమాల చరిత్రను కలిపి చూస్తే, శాతమా, అంకెనా, అడ్వాంటేజా అన్నది రెండో విషయంగానే తేలుతుంది. మంత్రాన్ని ఆపే జీవి, ఆ మంత్రంతో మరేం చేయవచ్చో వెతుక్కునే చోటు మిగిల్చితే ఆట నిలుస్తుంది. గైగాక్స్ కాలపు శాతాలు మహాశత్రువును కాపాడాయి గాని మాంత్రికుడిని అదృష్టానికి వదిలేశాయి. మూడో ఎడిషన్ తర్కాన్ని ఇచ్చింది, అయిదో ఎడిషన్ తేలికను ఇచ్చింది. గోలెమ్‌ల పదార్థధర్మం, ఆర్స్ మాజికా చొచ్చుకుపోయే శక్తి మాత్రం మూడు మేళ్లూ ఒకచోట దొరికే తావులు. అక్కడ శత్రువు నిలుస్తాడు, కారణం అర్థమవుతుంది, తెలివికి ఫలితం దక్కుతుంది. కొత్త ఆట రాయబూనిన వారెవరైనా మంత్రనిరోధాన్ని అక్కడి నుంచి మొదలుపెట్టడం మేలు.